రాజ్యము - కళాపోషణము
(సంఘ వార్షికోత్సవ సభయందు చేసిన ఉపన్యాసము)



కవికి రాజు కావలెనా అను ప్రశ్న మనకు క్రొత్త కాదు. రాయలవారు పెద్దన పల్లకి మోసిరని చెప్పుకొందుము. భాగవతమును నరాంకితము చేయనొల్లని పోతన్నయు మనవాడే. నేడు రాజు స్థానమున ప్రభుత్వము నిలిచినది. పల్లకికి బదులు ఫైలు నడుచుచున్నది. కావున ఈ ప్రశ్నను శాస్త్రముగా పరిశీలించిన ఒక రాజనీతిశాస్త్రాచార్యుని గూర్చి నాలుగు మాటలు మనవి చేసెదను.

ఆయన అమెరికాలో బాల్టిమోరు నగరమందలి జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయమున బోధించిన మిల్టన్ కమింగ్స్ గారు. వారి తొలి విషయము ఎన్నికలు. కాంగ్రెసు సభ్యులను, ఓటర్లను గూర్చి 1966లో గ్రంథము ప్రకటించిరి. 1971లో పత్రికారచయిత డేవిడ్ వైజ్ గారితో కలసి వ్రాసిన అమెరికా ప్రభుత్వ పాఠ్యగ్రంథము పెక్కు ముద్రణలు పొందినది. ఓట్లు లెక్కించిన పండితుడు కళలవైపు మరలుట వింతగా తోచవచ్చును. కాని అధికార మెవరిది, దానికి హద్దేది అను ప్రశ్నయే రెంటికిని మూలము.

1987లో రిచర్డ్ కాట్జ్ గారితో కూడి వారు సంపాదకత్వము వహించిన 'పోషక రాజ్యము' అను గ్రంథము ఐరోపా, ఉత్తర అమెరికా, జపానుల పద్ధతులను పరిశీలించినది. ఫ్రాన్సు 1959లో సంస్కృతికి ప్రత్యేక మంత్రిత్వశాఖ నెలకొల్పెను. బ్రిటను 1946లో ఆర్ట్స్ కౌన్సిలును స్థాపించి, ధనము తానిచ్చి, ఎంపికను దానికి విడిచెను. అమెరికా 1965లో జాతీయ కళానిధిని ఏర్పరచెను. అయినను అచట దాతలకిచ్చు పన్ను మినహాయింపే కళలకు పెద్ద అండ.

2003లో వారు సాంస్కృతిక దౌత్యమును గూర్చి ఒక నివేదిక వ్రాసిరి. జాతుల నడుమ భావములు, కళలు ఇచ్చిపుచ్చుకొని పరస్పరావగాహన పెంచుటయే ఆ దౌత్యమనిరి. అది ఒకవైపు ప్రచారముగా మారవచ్చునని కూడ హెచ్చరించిరి.

మన దేశమున 1953లో సంగీత నాటక అకాడమియు, 1954లో సాహిత్య, లలితకళా అకాడమిలును ప్రారంభమైనవి. మొదటిదానికి తొలి అధ్యక్షులు న్యాయమూర్తియు, తెలుగు నాటకకర్తయు నగు పి.వి. రాజమన్నారు గారు. ధనము ప్రభుత్వముది, నిర్ణయము కళావిదులది అనునదే వాని ఆదర్శము. ఆదర్శము ఎంతవరకు నెరవేరినదో చూచుటకు సమీక్షలు అవసరమైనవి. హక్సరు సంఘము 1990లో తన నివేదిక సమర్పించెను.

సోదరులారా! వృద్ధ కళాకారుని భృతి కాగితము మనవంటి ఉద్యోగి బల్లమీదికే వచ్చును. లెక్క సరిచూచుట మన విధి. ఆయన పాట మనకు నచ్చినదా లేదా అనునది ఆ కాగితమునకు సంబంధించినది కాదు. కాని అది నేడు కదలునో, ఆరు మాసములకు కదలునో మన చేతిలోనిదే. నిబంధనలో ఒక అక్షరమైనను మార్చకుండ ఆ ముసలివాని పొయ్యి వెలిగింపగల అధికారము మనకున్నది. కళాపోషణమున మన వంతు అదియే.