తుపాకీ లైసెన్సులు రాసినవాడు వేటకు వెళ్తే

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నా విదేశయాత్ర గురించి పది నిమిషాలు మాట్లాడమని కార్యదర్శిగారు ఆజ్ఞాపించారు. అమెరికా చూసి వచ్చినవారు మనలో చాలామందే ఉన్నారు. నేను చూసింది ఆఫ్రికాలోని నమీబియా. అందులోనూ వేట! నవ్వకండి. నా సర్వీసులో తొమ్మిదేళ్లు కలెక్టరేటులో ఆయుధ లైసెన్సుల సీటు చూశాను. వందల తుపాకులకు రెన్యూవల్ రాశాను. తుపాకీ పేలగా చూసింది మాత్రం పంద్రాగస్టు పెరేడ్‌లోనే.

2019 జూన్‌లో మా అల్లుడు, అమ్మాయి రమ్మంటే విండ్‌హుక్ వెళ్లాం. ఆ దేశం మన రెండు తెలుగు రాష్ట్రాలు కలిపినదానికి మూడు రెట్లు ఉంటుంది. జనం మాత్రం 2023 లెక్కల ప్రకారం 30 లక్షల పైచిలుకే. జూన్ అక్కడ చలికాలం. మా అల్లుడి స్నేహితుడు ఒకాయన డర్బన్ నుంచి వచ్చాడు. 1860 నుంచి మద్రాసు రేవులో ఓడలెక్కి చెరుకు తోటలకు వెళ్లిన కూలీల సంతతి. ఇంటిపేరు తెలుగే, మాట మాత్రం ఇంగ్లీషు. పరదేశంలో పెద్ద జంతువుల వేటకు రావడం ఆయనకు అదే మొదటిసారి. "అంకుల్, మీరూ రండి" అన్నాడు. చూడటానికి వచ్చేవారికి కూడా అక్కడ రోజుకింతని రుసుము ఉంది. అది మా అల్లుడు కట్టాడు.

వేట అంటే తుపాకీ భుజాన వేసుకుని అడవిలోకి పోవడమే అనుకున్నాను. తీరా చూస్తే ముందంతా మన గుమాస్తా పనే! తుపాకీ దేశంలోకి తేవడానికి పోలీసుల తాత్కాలిక పర్మిట్. దానిమీద తుపాకీ నంబరు, తూటాల లెక్క. వేటాడటానికి వేరే పర్మిట్. ఒక్కో జాతిలో రెండు జంతువులకు మించి కుదరదు. ప్రభుత్వం దగ్గర నమోదైన గైడు పక్కన లేనిదే తుపాకీ ఎత్తకూడదు. సూర్యోదయానికి అరగంట ముందు నుంచి సూర్యాస్తమయం తర్వాత అరగంట వరకే వేట. కూడూ వంటి జంతువుకు తూటా బలం 2700 జూళ్లకు తగ్గకూడదు. ఆ కాగితాలు చూస్తుంటే నా పాత సీటులో కూర్చున్నట్టే అనిపించింది.

విండ్‌హుక్‌కు ఉత్తరాన దాదాపు 250 కిలోమీటర్లు, ఒచివారోంగో దగ్గర ఒక పశువుల ఫారం. వెళ్లగానే వేట లేదు. ప్రయాణంలో తుపాకీ గురి తప్పి ఉంటుందని ముందు అట్టమీద కాల్పించారు. నన్నూ ఒకటి కాల్చమన్నారు. అట్టకు తగల్లేదు, భుజానికి మాత్రం బాగా తగిలింది.

మర్నాడు తెల్లవారకముందే బయల్దేరాం. జాడ పట్టే మనిషి ముందు, గైడు తర్వాత, డర్బన్ ఆయన, చివర నేను. గైడు చేతిలో చిన్న గుడ్డ సంచి, అందులో బూడిద. దాన్ని దులిపి గాలి ఎటు పోతుందో చూస్తాడు. మన వాసన జంతువు వైపు పోతే ఆ రోజుకు పని అయిపోయినట్టే.

ఎనిమిది గంటలకు ముళ్లపొదల మధ్య కూడూ కనిపించింది. మన మనుబోతంత జంతువు. ఒళ్లంతా సన్నని తెల్లచారలు, మెలి తిరిగిన కొమ్ములు. గైడు మూడు కర్రల ముక్కాలి నిలబెట్టాడు. డర్బన్ ఆయన చేతులు వణుకుతున్నాయి. తూటా ముందుకాలి భుజం వెనక తగలాలి, పొట్టలో తగిలింది. జంతువు ఒక్క గెంతుతో పొదల్లో కలిసిపోయింది.

ఆయన పరుగెత్తబోతే గైడు ఆపాడు. వెంటపడితే ఇంకా దూరం పోతుందట. అరగంట కూర్చోబెట్టి ఒక మాట చెప్పాడు. నెత్తురు చుక్క నేలమీద పడిందంటే ఆ జంతువు మీ లెక్కలో చేరినట్టే. దొరికినా దొరకకపోయినా డబ్బు కట్టాలి. దాని బాధ తీర్చేదాకా వెనక్కి తిరగకూడదు. మూడు గంటలకు పైగా నడిచాం. ఆకుమీద ఒక చుక్క, రాయిమీద ఒక చుక్క. ఒకచోట అది పడుకుని లేచిన గుర్తు. డర్బన్ ఆయన ఏడ్చినంత పని చేశాడు. చివరికి ఒక చెట్టు కింద దొరికింది. రెండో తూటాతో ప్రాణం పోయింది. ఎవరూ కేకలు వేయలేదు.

మాంసంలో వీసమెత్తు వృథా చేయలేదు. కొంత బిల్టాంగ్‌కు కోశారు. మన ఒట్టి తునకలే అనుకోండి, వాళ్లు కారం బదులు వెనిగరు, ధనియాలు పట్టిస్తారు.

రాత్రి నెగడు దగ్గర జాడ పట్టే మనిషి తన ఊరి సంగతి చెప్పాడు. వాయవ్య ప్రాంతం వాడు. ఏనుగులు వచ్చి నీళ్ల తొట్లు విరగ్గొడతాయట. 1996లో వచ్చిన చట్టం ప్రకారం అక్కడి ఊళ్లు కలిసి సంఘాలు పెట్టుకున్నాయి. పర్యాటకం డబ్బు, వేట డబ్బు, మాంసం సంఘానికి వస్తాయి. "అయినా తొట్టి విరిగిన రోజు మాకు నీళ్లుండవు" అన్నాడు.

ఆ మాటతో నాకు 1988 నాటి ఒక రైతు గుర్తొచ్చాడు. పల్లికాయ చేనుమీద అడవి పందులు పడుతున్నాయని తుపాకీ లైసెన్సుకు అర్జీ పెట్టుకున్నాడు. పోలీసు రిపోర్టు వచ్చింది. ఎమ్మార్వో రిపోర్టు రాలేదు. రిమైండరు రాయాల్సింది నేను. ఆ ఫైలు నాలుగు నెలలు నా బీరువాలో పడుకుంది. లైసెన్సు తయారయ్యాక ఆయన వచ్చి రిజిస్టరులో సంతకం పెట్టి, "ఇప్పుడు చేనే లేదు సారూ" అని దండం పెట్టి వెళ్లాడు. కోపంగా కూడా అనలేదు. నామీద మెమో రాలేదు, ఆడిట్ అభ్యంతరం రాలేదు. లైసెన్సు ముందే ఇచ్చి ఉంటే పంట నిలిచేదో లేదో చెప్పలేను. ఆలస్యం మాత్రం నాదే.

వేట మంచిదా చెడ్డదా అని అమ్మాయి అడిగింది. మన దేశం 1972 చట్టంతో వేటకు అడ్డుకట్ట వేసింది. కెన్యా 1977లో నిషేధించింది. బోట్స్‌వానా 2014లో ఆపి, 2019లో మళ్లీ తెరిచింది. దేశాలే తేల్చుకోలేని విషయం నేనేం తేలుస్తాను? నా మట్టుకు నేను ఇంకోసారి వెళ్లను. కానీ గాయపరిచినవాడు చివరిదాకా జాడ వెతకాలన్న ఆ నియమం ముందు నేను తలవంచాను. నా చేతి ఆలస్యంతో ఎవరికి ఏ గాయమైందో, సర్వీసంతా ఒక్కసారీ జాడ వెతకలేదు.

తిరిగొచ్చాక ఆ రైతు ఊరు వెళ్లాను. ఆయన పోయి ఆరేళ్లయిందట. కొడుకు మంచినీళ్లిచ్చి కూర్చోబెట్టాడు. సంగతి చెప్పాను. "మా నాయిన ఎన్నడూ అనలేదు సార్" అన్నాడు.

మన పిల్లలు, మనవలు ఇవాళ ఆ సీట్లలో కూర్చున్నారు. ఇప్పుడు బీరువాలకు బదులు కంప్యూటర్లు వచ్చాయి. ఫైలు అందులోనూ పడుకోగలదు. ఇంట్లో భోజనం దగ్గర ఈ ముచ్చట వారి చెవిన వేయండి.