ఎంత పెద్దగా చూశారు?

కొత్త డాక్టర్లూ, కొత్త రేడియోగ్రాఫర్లూ, మీకు ఒక మాట చెప్పాలి.

నేను చదువుకునే రోజుల్లో జనగామ, మానుకోట, భూపాలపల్లి మూడూ వరంగల్ జిల్లాలోవే. డాక్టరు పెద్ద పరీక్ష ఏదన్నా రాసిస్తే వరంగల్ ఎంజీఎం ఆస్పత్రికే దారి. 2016లో జిల్లాలు వేరయ్యాయి. 2022లో మానుకోటకు, 2023లో జనగామకూ భూపాలపల్లికీ ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. యంత్రాలు జనానికి దగ్గరయ్యాయి, ఎంతో సంతోషం. కానీ ఎక్సరే చదివే నిపుణుడు ప్రతి రాత్రీ పక్క గదిలో ఉండడు కదా. అందుకని ఎక్సరే ఫోన్‌లోకెక్కి ఊళ్ళు దాటుతోంది. ఆ దారిలో బొమ్మ చిన్నదైపోతోంది. నేను చెప్పదలిచింది దాని గురించే.

ఒక రాత్రి నాకూ అలాంటి ఫోటో వచ్చింది. ఆయాసంతో వచ్చిన పాతికేళ్ళ అబ్బాయి ఛాతీ ఎక్సరే. మంచం మీద పడుకునే చూశాను. బాగానే ఉందన్నాను. పొద్దున అదే ఎక్సరేను రిపోర్టింగ్ గదిలో పెద్ద తెర మీద తెరిస్తే, కుడి ఊపిరితిత్తి పైకొసన వెంట్రుకంత గీత. ఆ గీత అవతల ఊపిరితిత్తి లేదు, ఉత్త గాలి. వెంటనే ఫోన్ చేశాను. ఛాతీలోకి గొట్టం వేశారు, అబ్బాయి దక్కాడు. ఆ రాత్రంతా ఊపిరి కోసం అతను పడ్డ పాట్లు తలచుకుంటే నాకిప్పటికీ నిద్ర పట్టదు.

ఒక చిన్న లెక్క చెబుతాను. ఛాతీ ఫిల్మ్ వెడల్పు 35 సెంటీమీటర్లు, ఫోన్ తెర వెడల్పు సుమారు 7. అంటే అయిదో వంతు. సింగరేణి బొగ్గు గనుల ఊరు భూపాలపల్లికి ఈ కుదింపు ఇంటి సంగతి. బొగ్గు దుమ్ము ఊపిరితిత్తుల్లో మిగిల్చే గుండ్రటి చిన్న మచ్చలను అంతర్జాతీయ కార్మిక సంస్థ పద్ధతిలో సైజును బట్టే విడదీస్తారు. 1.5 మిల్లీమీటర్ల దాకా 'పి', 3 దాకా 'క్యూ', 10 దాకా 'ఆర్'. అందుకే కార్మికుడి ఎక్సరేను ప్రామాణిక ఎక్సరేల పక్కన పెట్టి, రెంటినీ ఒకే కొలతలో చూడాలి. ఫోన్‌లో 1.5 మిల్లీమీటర్ల మచ్చ 0.3కి దిగి మాసిపోతుంది. 10 మిల్లీమీటర్ల 'ఆర్' 2కి దిగి, 'క్యూ'లా కనిపిస్తుంది. ముప్పై ఏళ్ళు బాయి దిగిన మనిషి జబ్బు మన చేతిలోనే ఒక మెట్టు తగ్గిపోతుంది.

వేళ్ళతో సాగదీసి చూడొచ్చు కదా అంటారు. ఫోటో తీసినప్పుడే పోయిన వివరం సాగదీస్తే తిరిగి రాదు. మామూలుగా పంపితే వాట్సాప్ దాన్ని ఇంకా కుదిస్తుంది కూడా.

పెద్దగా చూడటంలోనూ ఒక చిక్కుంది. మన కన్ను మరీ సన్నటి వివరాన్ని పట్టుకోలేదు. విశాలంగా పరుచుకుని మెల్లమెల్లగా మారే నీడనూ పట్టుకోలేదు. ఊపిరితిత్తి అడుగున పలచగా కమ్మిన న్యుమోనియాను తెర నిండా పెంచితే కరిగిపోయినట్టుంటుంది, రెండడుగులు వెనక్కి జరిగితే తేలుతుంది. మా సార్లు వ్యూబాక్స్ ముందు కుర్చీ వెనక్కి లాక్కునేది అందుకేనని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. 1975లో కుండెల్, నోడిన్ అనే పరిశోధకులు రేడియాలజిస్టులకు ఛాతీ ఎక్సరేలను సెకనులో అయిదో వంతు మాత్రమే చూపించారు. అంతలోనే వాళ్ళు సుమారు 70 శాతం లోపాలు పట్టుకున్నారు. బొమ్మంతా ఒక్క చూపులో ఇమడటానికి అంత బలముంది. కాబట్టి ముందు మొత్తం చూడండి. తర్వాత పెంచి, పక్కటెముకల అంచుల వెంట, పైకొసల దాకా నిదానంగా వెళ్ళండి.

రేడియోగ్రాఫర్లకు ఒక విన్నపం. వీలుంటే అసలు ఫైలే పంపండి. ఫోటో తప్పదంటే గదిలో లైట్లు ఆర్పి, మొత్తం ఒకటి, దగ్గరి నుంచి నాలుగు భాగాలూ విడివిడిగా తీయండి. మీరు పెట్టే ఆ రెండు నిమిషాలు అవతలి డాక్టరుకు కళ్ళిచ్చినట్టు.

ఇప్పుడు ఫోన్‌లో చూసి నేను చెప్పే ప్రతి అభిప్రాయం కిందా ఒక మాట రాస్తున్నాను: "ఫోన్ తెర మీద చూసినది. పొద్దున పెద్ద తెర మీద మళ్ళీ చూస్తాను." ఆ చూడటం ఎనిమిదింటికి, టీ కంటే ముందు.