దొరకును దొంగకును ఒకే టోపీ
(పాఠశాల ప్లాటినం జూబిలీ ఉత్సవముల సందర్భమున చేసిన ప్రసంగ పాఠము)



జూబిలీ సభలలో విద్యను గూర్చి, క్రమశిక్షణను గూర్చి, మాతృభాషను గూర్చి మాటలాడుట ఆచారము. నాకు మాత్రము టోపీని గూర్చి మాటలాడుమని అప్పగించిరి. ఇందుకు కారణమున్నది. మన పై తరగతుల పిల్లలు ఓడదొంగల నాటకమొకటి ఆడదలచిరి. వేషములు ఎట్లుండవలెనను చర్చ వచ్చినపుడు అందరి నోటను ఒకే మాట వచ్చినది. మూడు కొమ్ముల నల్లటోపీ, దాని నుదుట తెల్లని పుర్రె, ఒక కంటికి నల్లగుడ్డ. ఇవి చెన్నపట్టణములో అద్దెకు దొరకును. తెచ్చి పెట్టుకొన్నచో ఓడదొంగ సిద్ధము.

అద్దె ఇచ్చుటకు ముందు ఒక్క ప్రశ్న వేయవలెనని నా మనవి. ఈ టోపీ ఏ కాలముది? ఎవరిది? ఈ ప్రశ్న వెంట నడచినచో ఎక్కడో దూరదేశమునకు గాక, తామరైపాక్కమునకు ఈశాన్యమున, మన తిరువళ్ళూరు జిల్లాలోనే ఉన్న సముద్రతీరమునకు చేరుదుము.

వేషములో తలపై పెట్టు వస్తువు ఎంత ముఖ్యమో మన ప్రాంతము వారికి వేరే చెప్పనక్కరలేదు. తిరుత్తణి, చిత్తూరు ప్రాంతముల వీధినాటకములలో భారతకథ ఆడునపుడు, పాత్రధారి నోరు విప్పకముందే అతని కిరీటమును చూచి వచ్చినవాడు రాజో, సేవకుడో ప్రేక్షకులు గుర్తింతురు. కిరీటము కొలతలో పాత్ర కొలత ఉండును. అది అబద్ధమాడినచో పాత్రయు అబద్ధమాడినట్లే. టోపీ విషయమునను న్యాయమిదే.

ముందుగా పుర్రె సంగతి చూతము. ఓడదొంగల జెండాపై పుర్రె ఉండెడిదనుట నిజము. 1700వ సంవత్సరమున ఒక ఆంగ్ల యుద్ధనౌక తరిమిన ఫ్రెంచి ఓడదొంగ జెండాపై పుర్రె, ఎముకలు, ఇసుక గడియారము ఉండెనని ఆ నౌకాధిపతి వ్రాసెను. నీ కాలము తీరినది, లొంగిపొమ్మని దాని అర్థము. కాని టోపీపై పుర్రె ధరించుట ఓడదొంగల అలవాటు కాదు. తన వృత్తిని నుదుట వ్రాసికొని తిరుగు దొంగ ఎక్కడనైన ఉండునా? టోపీపై పుర్రెను నిజముగా ధరించినవారు రాజుల సైనికులు. 18వ శతాబ్దపు ప్రష్యా అశ్వికదళములలో అట్టి టోపీలు కలవు. దొంగ తలపై పుర్రెను నిలిపినది రంగస్థలము, తరువాత చలనచిత్రము. 1883లో స్టీవెన్సన్ వ్రాసిన ‘ట్రెజర్ ఐలండ్’ నవల, 1904లో లండనులో ప్రదర్శింపబడిన ‘పీటర్ పాన్’ నాటకము, అమెరికా చిత్రకారుడు హోవర్డ్ పైల్ గీసిన బొమ్మలు కలసి నేడు మన కన్నులకు కట్టు ఓడదొంగను తయారుచేసినవి. పైల్ 1853లో పుట్టి 1911లో మరణించెను. అతడు చిత్రించిన ఓడదొంగలు అతనికి నూటయేబది సంవత్సరములకు పైగా పూర్వులు.

మన జిల్లాలోను రాతిలో చెక్కిన అస్థిపంజరములున్నవి. పులికాట్‌లో, అనగా మన పెద్దలు ప్రళయకావేరి అనియు తమిళులు పళవేర్కాడు అనియు పిలుచు ఊరిలో, డచ్చివారి శ్మశానవాటిక ద్వారమున వానిని చూడవచ్చును. అచటి సమాధులు దొంగలవి కావు. వర్తకులవి, ఉద్యోగులవి, వారి కుటుంబములవి. మానవుడు మరణించువాడని గుర్తుచేయుటకు ఆ కాలపు ఐరోపావారు వాడిన చిహ్నమది. అదే చిహ్నమును వర్తకుడు సమాధిపై చెక్కించుకొనెను, దొంగ జెండాపై ఎగురవేసెను.

ఇక కాలము ప్రకారము టోపీని ఎన్నుకొను పద్ధతి చెప్పెదను. టోపీలో రెండు భాగములు: తలను మూయు కప్పు, చుట్టును ఉండు అంచు. ఈ రెండింటి కొలతలే కాలమును చెప్పును.

పూర్వము తెలుగువారు ఒలందావారని పిలిచిన డచ్చివారు విజయనగర ప్రభువు వేంకటపతి రాయల అనుమతితో పులికాట్‌లో స్థిరపడి, 1613లో గెల్డ్రియా కోటను కట్టిరి. ఆ నాటి టోపీకి కప్పు ఎత్తు, అంచు వెడల్పు. ఒత్తిన ఉన్నితోనో బీవరు అను జంతువు బొచ్చుతోనో చేయుదురు. 17వ శతాబ్దము నడుమ కప్పు పొట్టిదై, అంచు మరింత విశాలమై, ప్రక్కన ఈక చేరెను. 1690 ప్రాంతమున ఆ వెడల్పాటి అంచును మూడు వైపుల పైకి మడచుట వాడుకయ్యెను. ఇదియే మూడు కొమ్ముల టోపీ. 18వ శతాబ్దము చివర రెండు వైపులే మడచు టోపీ వచ్చెను. నెపోలియను పటములలో మనము చూచునది అది.

కావున కోట కట్టిన నాటి కథ ఆడుచు మూడు కొమ్ముల టోపీ పెట్టినచో ఎనుబది ఏండ్లు ముందుకు దూకినట్లగును. 1690 మొదలు 1720 వరకు గల కథకు మాత్రము అది చక్కగా అమరును. హిందూ మహాసముద్రమున ఐరోపా ఓడదొంగలు చెలరేగిన కాలము సరిగా అదియే. 1695లో హెన్రీ ఎవెరీ అను ఆంగ్లేయుడు ఔరంగజేబు చక్రవర్తికి చెందిన ‘గంజ్-ఇ-సవాయి’ ఓడను దోచెను. అందుకు ఫలితముగా సూరతులోని ఇంగ్లీషు వర్తకులు సంకెళ్ళ పాలైరి. మరుసటి యేడు రాబర్ట్ కల్లిఫర్డ్ మదరాసు రేవు నుండి కంపెనీవారి ‘జోసయా’ అను చిన్న ఓడనే ఎత్తుకొనిపోయెను. మన పిల్లలకు నాటకవస్తువు కావలెనన్నచో కరీబియను దీవులకు పోనక్కరలేదు.

అయితే ఓడలోని వారందరికిని ఆ టోపీ తగదు. అది నాయకునికి, ఉద్యోగులకు. తెరచాప కొయ్యపైకి ఎక్కి దిగు నావికుని తలపై వెడల్పాటి అంచు నిలువదు. మొదటి గాలికే సముద్రము పాలగును. అతడు ఉన్నితో అల్లిన బిగువైన కుళ్ళాయి పెట్టుకొనును, లేదా తలకు రుమాలు కట్టుకొనును. ఈ రుమాలు దగ్గర మనము ఆగవలెను. ఇంగ్లీషు నిఘంటువులో ‘పులికాట్’ అను మాటకు రంగుల చేతిరుమాలు అని అర్థము కలదు. ఈ తీరమున నేసిన గళ్ళ రుమాళ్ళు ఎన్నో దేశములకు ఎగుమతియై, ఊరి పేరే వస్త్రము పేరుగా మారెను. తరువాతి కాలమున చీరాల రుమాళ్ళు ఇట్లే అరబ్బు దేశములలో తలగుడ్డలైనవి. ఓడదొంగ తలకు కట్టు గుడ్డను చూచి మన పిల్లవాడు ‘ఇది మా జిల్లా నేత’ అని చెప్పగలిగినచో, ఆ నాటకము సగము విజయము పొందినట్లే. కావున పదిమంది నటులున్నచో ఇద్దరికి టోపీ, ముగ్గురికి కుళ్ళాయి, ఐదుగురికి గళ్ళ రుమాలు చాలును. ఖర్చును తగ్గును, నిజమును నిలుచును.

ఇప్పుడు నా ప్రసంగమునకు ప్రాణమైన మాటకు వచ్చుచున్నాను. ఆ కాలమున దొంగకు వేరు టోపీ, వర్తకునికి వేరు టోపీ లేవు. ఇరువురిదియు ఒకే బజారు, ఒకే నమూనా. ఇరువురి నడుమ తేడా తరచుగా ఒక కాగితమే. రాజముద్ర గల కాగితమున్నచో శత్రువుల ఓడను పట్టుట వీరకార్యము, లేనిచో నేరము. కెప్టెన్ విలియం కిడ్ 1696లో ఓడదొంగలను పట్టుటకు రాజాజ్ఞతో బయలుదేరెను. 1698లో మలబారు తీరమున ఒక సరకుల ఓడను పట్టెను. 1701లో లండనులో అతనినే ఓడదొంగగా ఉరితీసిరి. బయలుదేరిన దినముననో, పట్టుబడిన దినముననో అతని టోపీ మారలేదు.

ఇంకొక సంగతి ఇంతకంటె బరువైనది. 17వ శతాబ్దమున డచ్చి కంపెనీ ఈ తీరము నుండి, ముఖ్యముగా పులికాట్ నుండి, వేలాది మనుష్యులను బానిసలుగా కొని బటావియాకు, అనగా నేటి జకార్తాకు, పంపెను. కరవు వచ్చిన యేట తిండిలేక తమను, తమ బిడ్డలను అమ్ముకొన్నవారు వారిలో ఉండిరి. వారిని కొని లెక్కలు వ్రాసికొన్నవాని టోపీపై పుర్రె లేదు. అది చక్కని టోపీ, మర్యాదస్థుని టోపీ. పుర్రె బొమ్మ గల టోపీని దొంగకు పెట్టినచో, చెడ్డవాడు గుర్తు పెట్టుకొని వచ్చునని పిల్లలకు నేర్పినవారమగుదుము. లోకములో అట్లు జరుగదు. మోసము చేయుటను ‘టోపీ వేయుట’ అనియు, పెద్ద మోసమును ‘కుచ్చుటోపీ’ అనియు చెప్పుకొను తెలుగువారికి ఇది విడమరచి చెప్పవలసిన పని లేదు. ఆ కాలపు మరాఠా రాజనీతి గ్రంథమొకటి ఐరోపావారిని ‘టోపీకరులు’ అనియే పేర్కొని, వారితో జాగ్రత్తగా ఉండవలెనని హెచ్చరించెను.

కావున నా సూచన యిది. నాటకములో ఓడదొంగకును, కంపెనీ వర్తకునికిని ఒకే అచ్చున చేసిన టోపీలు పెట్టుడు. ఎవడు దొంగయో ప్రేక్షకులు పనులను బట్టి తేల్చుకొందురు గాక.

చేయు విధానము కష్టమైనది కాదు. కనుబొమలకు పైన, చెవులకు ఒక వ్రేలెడు మీదుగా టేపుతో తల చుట్టుకొలత తీయవలెను. పిల్లవాని తల 21 అంగుళములైనచో, దానిని 6.28 చేత భాగించిన వ్యాసార్ధము సుమారు మూడుంబావు అంగుళములు వచ్చును. దానికి నాలుగు అంగుళముల అంచు కలిపినచో ఏడుంబావు. అనగా పదునైదు అంగుళముల చదరపు గుడ్డ ఒక టోపీ అంచుకు సరిపోవును. లెక్కల మాస్టరుగారు ఈ పనిని ఒక పాఠముగా చెప్పవచ్చును. తల వృత్తము కాదు, కోడిగ్రుడ్డు ఆకారము. కావున నడిమి రంధ్రమును మొదట అర అంగుళము చిన్నదిగా కత్తిరించి, తలకు పెట్టి చూచి సరిచేయవలెను.

కప్పు కొరకు తలకు సరిపోవు ముంతను బోర్లించి, దానిపై ప్లాస్టిక్ కాగితము పరచి, పాత వార్తాపత్రికల ముక్కలను మైదా గంజితో అంటింపవలెను. ఒక వరుస నిలువుగా, మరియొక వరుస అడ్డముగా ఏడు వరుసలు చాలును. నీడలోనే ఆరవలెను, ఎండలో పెట్టినచో వంకరపోవును. పిల్లల తలకు తగులు వస్తువు గనుక గంజిలో మైలుతుత్తము కలుపరాదు. అంచుకు ఇంట మూలబడిన పాత నల్ల గొంగళిని మించినది లేదు. గొంగళి నేయువారు నూలును బిరుసెక్కించుటకు వాడు చింతగింజల గంజినే దీనికిని పట్టించి, సగము తడి ఉండగా మూడు వైపుల పైకి మడచి, దారముతో కప్పుకు కుట్టి ఆరనీయవలెను. దూరము నుండి చూచువారికి అది ఐరోపా ఉన్ని టోపీయే.

నాయకుని టోపీకి చిరిగిన పట్టుచీర జరీ అంచు కుట్టవచ్చును. తక్కినవారికి నూలు పట్టీయే మర్యాద. పెట్టుకొనునపుడు ఒక కొమ్ము ముందుకు రావలెను. దీపములు పైనుండి వెలుగునపుడు అంచు నీడ ముఖముపై పడి కన్నులు కనబడవు. కావున చిన్నపిల్లలకు అంచును మూడు అంగుళములకు తగ్గించుడు. జారకుండుటకు గడ్డము క్రింద తాడు కట్టక, వెనుక జుట్టు క్రిందుగా నాడా కట్టినచో మాట స్పష్టముగా వచ్చును.

తల్లిదండ్రులకు ఒక విన్నపము. అద్దె డబ్బు మీ దగ్గరనే ఉంచుకొనుడు. పాత గొంగళి ముక్క, జరీ అంచు, గళ్ళ రుమాలు, ఒక కట్ట వార్తాపత్రికలు పిల్లల చేతికిచ్చి పంపుడు. అద్దె టోపీ మరునాడు తిరిగిపోవును. చేతితో చేసిన టోపీ ఇంటిలో ఉండును. దానిని చేయుటలో నేర్చిన లెక్క, చరిత్ర, ఓపిక పిల్లవానిలో ఉండును.

తమిళనాట తెలుగు మాధ్యమమున చదువు పిల్లలకు ఈ పని మరింత అవసరము. ఒలందావారు, బుడతకీచులు, పరాసువారు అని మన పూర్వులు డచ్చి, పోర్చుగీసు, ఫ్రెంచి జాతులను పిలిచిరి. ఆ ఓడలను కన్నులార చూచి పెట్టిన పేర్లవి. నేడవి నిఘంటువులలో నిద్రించుచున్నవి. మన వేదికపై పదమూడేండ్ల బాలుడు తాను చేసిన టోపీ పెట్టుకొని ‘నేను ఒలందా వర్తకుడను’ అని పలికిన క్షణమున ఆ మాట మరల బ్రతుకును. డెబ్బదియైదు సంవత్సరములు ఈ పాఠశాల చేసిన పని ఇదియే గదా! పిల్లల నోట మాటను నిలుపుట, ఆ మాట వెనుకనున్న నిజమును తెలియజేయుట.

ఆ పని మరి డెబ్బదియైదు సంవత్సరములు సాగవలెనని కోరుచున్నాను.