వాద్యబృందమునకు నాయకుడెవడు?

(పాఠశాల వార్షికోత్సవమున ప్రధానోపాధ్యాయుడు చేసిన ప్రసంగము)



వార్షికోత్సవమున ప్రధానోపాధ్యాయుడు ఉత్తీర్ణుల సంఖ్యను, బహుమతుల పట్టికను చదువుట ఆచారము. ఆ వివరములు నివేదికలో ముద్రింపబడినవి. నేడు మీతో ఒక చిన్న సంగతిని ముచ్చటింపదలచితిని. చిన్నదే యైనను అది గత సంవత్సరము మన పాఠశాలను రెండుగా చీల్చినంత పని చేసినది. అది మన బ్యాండు నాయకత్వమునకై జరిగిన పోటీ.

స్వాతంత్ర్య దినోత్సవమునకు ముందు బ్యాండునకు నాయకుని నియమింపవలసి వచ్చినది. తొమ్మిదవ తరగతి బాలురిద్దరు ముందుకు వచ్చిరి. ఇద్దరును సైడు డ్రమ్ము వాయించుటలో నేర్పరులే. ఒకడు సిరిగేరిలో తరతరములుగా నున్న తెలుగు కుటుంబమువాడు. మరియొకడు తుంగభద్ర కాలువనీరు పారిన పిదప కోస్తా జిల్లాలనుండి వచ్చి స్థిరపడిన క్యాంపువారి బిడ్డ. నేను తొందరపడి తరగతిలో చేతులెత్తించి లెక్కించితిని. ఊరి పిల్లలు ఊరివానికిని, క్యాంపు పిల్లలు క్యాంపువానికిని చేతులెత్తిరి. మూడు చేతుల తేడాతో ఊరిబాలుడు నెగ్గెను.

మరునాడు ఓడినవాడు డ్రమ్ము పుల్లలను నా బల్లపై నుంచి, మాటలాడక వెడలిపోయెను. సాయంకాలమునకు ఇరుపక్షముల పెద్దలును నా గదికి వచ్చిరి. “మావానికి అన్యాయము జరిగినది” అని ఒకరు. “ఇచ్చినదానిని మరల తీసికొనరాదు” అని మరియొకరు. ఎవడు బాగుగా నడిపింపగలడని ఒక్కరును అడుగలేదు. అడుగవలసినవాడను నేను, నేనే అడుగనైతిని. ఆ తప్పు పిల్లలది కాదు, నాది.

బాలురనిద్దరను పిలిచి, నా తప్పు ఒప్పుకొని, పరీక్షకు సమ్మతింపజేసితిని. ఆరవ తరగతి పిల్లలను మైదానము చుట్టును ఒక్కొక్కడు నడిపింపవలయును. తేజ్ చల్ నడకకు నిమిషమునకు సుమారు 120 అడుగులు. ఊరిబాలుని చేతిలో కర్ర ఎంతయో అందముగా తిరిగెను. కాని వాని వేగము పెరిగి, మలుపువద్ద కడపటి వరుస పిల్లలు పరుగెత్తవలసి వచ్చెను. రెండవవాడు మలుపునకు ముందే వెనుకకు చూచి, చిన్నవారి అడుగు అందువరకు వేగమును నిలిపెను. నాయకత్వ మెవరికి చెందవలయునో మైదానమున నున్న పిల్లలకు వేరుగా చెప్పనక్కరలేకపోయెను.

చేతికి వచ్చిన పదవిని విడుచుట ఊరిబాలునకు కష్టమయ్యెను. అయితే మరునాటి ఉదయము వాని తండ్రియే వానిని వెంటబెట్టుకొని వచ్చి, “అయ్యా, ఏ వాద్య మిచ్చినను వాయించును; బ్యాండు మాత్రము మానడు” అనెను. వానికి పెద్ద డ్రమ్ము నిచ్చితిమి. పండుగనాడు జెండా ముందర చిన్నవారి అడుగు తడబడినప్పుడు నాయకుడు వానివైపు చూచెను. వాడు గట్టిగా వేసిన దెబ్బతో అడుగులన్నియు కుదిరినవి. వారిద్దరును ప్రాణస్నేహితులైరని నేను చెప్పజాలను. కాని ఒకని విలువ మరియొకనికి తెలిసినది.

పోటీ చెడ్డది కాదు. మన బళ్లారియే అందులకు నిదర్శనము. ఇచ్చట ధర్మవరము రామకృష్ణమాచార్యులు (1853–1912) సరసవినోదినీ సభను, కోలాచలము శ్రీనివాసరావు (1854–1919) సుమనోరమ సభను నడపిరి. ఇరువురును న్యాయవాదులు, నాటకకర్తలు, ఒకే పట్టణమున పోటీదారులు. ఒకరికి ఆంధ్రనాటక పితామహుడనియు, మరియొకరికి చారిత్రక నాటక పితామహుడనియు పేరు వచ్చినది. ధర్మవరమువారి మేనల్లుడైన బళ్లారి రాఘవ (1880–1946) కోలాచలమువారి రామరాజు నాటకమున పఠాను పాత్ర ధరించి కీర్తి నందెను. సభలు రెండైనను కళ ఒక్కటియే. పోటీ పనిలో నున్నంతకాలము ఇరుపక్షములును పెరుగును. అది పంతమునకు దిగినచో రెండును తరుగును.

తల్లిదండ్రులారా! 1953లో బళ్లారి జిల్లా విభజింపబడి ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రమున చేరగా, మనము కన్నడసీమలో నిలిచితిమి. ఇచ్చట తెలుగు చదువు పిల్లలు కొలదిమందియే. ఆ కొలదిమందిలో మరల ఊరు, క్యాంపు అని గీత గీసినచో బ్యాండునకు వాయించువారే మిగులరు. కావున ఇంటికి వచ్చిన బిడ్డను “నాయకుడవైతివా?” అని కాక, “నేడేమి నేర్చితివి?” అని అడుగుడని నా మనవి. మేమును ఈ సంవత్సరమునుండి చేతులెత్తించుట మాని, అందరి యెదుట పరీక్ష జరుపుచున్నాము.

కొలదిసేపటిలో మన బ్యాండు మీ ముందర నడచును. కర్ర పట్టినవానిని చూడుడు. పెద్ద డ్రమ్మును గూడ వినుడు.