మాట తడబడిన పెద్దల మనసు నెఱుగుట
(నాదర్‌గుల్ వార్షిక సభయందు చేసిన యుపన్యాసము)



విద్యార్థివేతనములు, వసతిగృహములు మున్నగువానిని గూర్చి మన సభలలో పెద్దలు పలుమాఱు ప్రసంగించిరి. నేడు నేను మన యిండ్లలో ఒక మూల మంచముపై కూర్చున్నవారిని గూర్చి విన్నవించుకొందును. వారు మన తల్లిదండ్రులు.

వార్ధక్యమున మాటలను, మనుష్యులను మఱచువారిని చూచి "చాదస్తము" అని మనము తేల్చివేయుచున్నాము. అది వయసుతో వచ్చు సామాన్యమైన మఱపు కాదు, మెదడు వ్యాధి. వైద్యులు దీనిని డిమెన్షియా అందురు. ఇందు పలు విధములు కలవు. వానిలో తఱచుగా కనబడునది 1906లో జర్మను వైద్యుడు ఆల్జీమర్ వర్ణించినది. 2023లో ప్రకటింపబడిన పరిశోధన ననుసరించి మన దేశమున అరువదేండ్లు నిండినవారిలో నూటికి 7.4 వంతున, సుమారు 88 లక్షలమందికి డిమెన్షియా కలదు.

మా తల్లికిని ఈ వ్యాధి వచ్చినది. ప్రతిదినము ప్రొద్దుగ్రుంకగానే "ఇంటికి వోదాం పా బిడ్డా" అనుచుండెడిది. "అమ్మా, ఇదే గదా మన యిల్లు" అని నేను తులసికోటను, గడపను చూపి ఋజువు చేయుచుంటిని. ఋజువు చేసినకొలది ఆమె యేడ్చెడిది. నీళ్లడుగబోయి పాలని పలికిన, "పాలు కాదు, నీళ్లనుము" అని దిద్దుచుంటిని. పిల్లల తప్పులు దిద్దుట నా వృత్తి. ఆ యలవాటు తల్లిపై చూపితిని. ఒకనాడు మా కోడలు ఆమె చేయి పట్టుకొని వాకిట నడిపించుచు, "మీ ఇంట్ల ఎవలెవలుంటరు అవ్వా?" అని యడిగినది. మా తల్లి తన యన్నలను, బఱ్ఱెలను గూర్చి చెప్పుచు శాంతించినది. ఆమె కోరినది గోడలు గల యిల్లు కాదు, భయము లేని చోటు.

నేను చదివిన శాస్త్రమే నాకప్పుడు తెలిసినది. వివక్ష యను పదమును నేడు పక్షపాతమను నర్థమున వాడుచున్నారు గాని, వ్యాకరణమున దానికి చెప్పవలెనను కోరిక యని యర్థము. సైంధవమనగా ఉప్పు, గుఱ్ఱము కూడ. భోజనమున కూర్చున్నవాడు సైంధవము తెమ్మనిన గుఱ్ఱమును తెత్తుమా? సందర్భమును బట్టి గ్రహింతుము. ఈ వ్యాధియందు శబ్దము చెడినను వివక్ష చాలకాలము నిలుచును. దానిని గ్రహించు భారము వినువానిదే.

భాషకును ఈ వ్యాధికిని గల సంబంధమును మన పొరుగుననే పరిశీలించిరి. హైదరాబాదు నిమ్స్ ఆసుపత్రిలో డాక్టరు సువర్ణ అల్లాడి ప్రభృతులు 648 మంది రోగులను పరిశీలించి 2013లో ఫలితములను ప్రకటించిరి. రెండు భాషలు మాటలాడువారికి, ఒకటే భాష తెలిసినవారికంటె సుమారు నాలుగున్నర యేండ్లు ఆలస్యముగా వ్యాధి కనబడినది. బడి మొగమెఱుగనివారియందును ఇట్లే యుండెను. కాని ఆలస్యమగుట తప్పిపోవుట కాదు. వచ్చిన పిమ్మట ఆదుకొనవలసినది ఇంటివారే.

కావున సేవ చేయువారికి కొంత శిక్షణ కావలెను. ఎదుట కూర్చుండి, కన్నులలోనికి చూచి మాటలాడవలెను. "నన్ను గుర్తుపట్టితివా?" యని పరీక్షింపక, "అమ్మా, నేను నీ పెద్దకొడుకును" అని ముందే చెప్పవలెను. ఒక్కసారికి ఒక్క చిన్న మాట చెప్పి, బదులు వచ్చువఱకు ఓపికతో నిలువవలెను. "ఏమి కావలెను?" అనుటకంటె గ్లాసు చూపి "నీళ్లు త్రాగెదవా?" యనుట మేలు. టీవీ ఆపవలెను, కండ్లద్దములు, చెవి యంత్రము సరిగా నున్నవో లేవో చూడవలెను. అన్నము త్రోసివేయుట, కేకలు వేయుట కూడ ఒక భాషయే. పంటి నొప్పియో, మూత్రబాధయో దాని యర్థము కావచ్చును. తడబాటు హఠాత్తుగా హెచ్చినచో వైద్యునికి చూపవలెను.

కనుక ఏటేట ఒక దినము వైద్యులను, నర్సులను పిలిపించి, మన సంఘమువారికిని, జీతమునకు సేవచేయువారికిని ఈ శిక్షణ ఇప్పింపవలెనని ప్రతిపాదించుచున్నాను. కోడండ్రు మాత్రమే కాదు, కొడుకులును వచ్చి కూర్చుండవలెను. వ్యయము స్వల్పము, పోషకులు తలచిన ఈ సంవత్సరమే ఆరంభింపవచ్చును.

మాటలు రాని దినములలో మన యేడుపు విని, ఇది ఆకలి, ఇది నిద్ర యని మన తల్లులు తెలిసికొనిరి. ఆ ఋణము తీర్చుకొను నవకాశము మనకు వచ్చినది. నేను ఆలస్యముగా నేర్చితిని; మీరు ముందుగా నేర్వుడు. ఈ ప్రతిపాదనను సభవారు ఆమోదింప ప్రార్థించుచు సెలవు గైకొనుచున్నాను.