‘వచ్చారు’: మర్యాదా, వ్యాకరణమా?

ఇది నాకు చదువు చెప్పిన ఆచార్యులవారి స్మారకోపన్యాసం. ఆచార్యులవారి పాండిత్యం నాకంటె బాగా ఎరిగినవారు ఈ సభలోనే ఉన్నారు. నాకు గుర్తున్నది ఒకటి. ఎం.ఏ.లో చేరిన మొదటి రోజునుంచీ ఆయన మమ్మల్ని ‘మీరు’ అనేవారు. పల్లెటూళ్లనుంచి వచ్చినవాళ్లం, అంతకుముందు ఏ పెద్దమనిషీ మమ్మల్ని అలా అనలేదు. కాని ఆ ‘మీరు’కు వ్యాకరణంలో చోటెక్కడ అన్న విషయంలో ఆయనకూ నాకూ చివరిదాకా పొసగలేదు. అది మర్యాదే తప్ప వ్యాకరణం కాదని ఆయన పక్షం. ఆ వాదాన్నే ఇవాళ కొనసాగిస్తాను.

నిర్మాణం వేరు, వాడుక వేరు అన్న విభజన మీకు కొత్త కాదు. 1965లో చామ్‌స్కీ భాషాసామర్థ్యాన్నీ భాషావ్యవహారాన్నీ విడదీశాడు. ఎవరితో ఎప్పుడు ఎలా మాట్లాడాలో తెలియడమూ సామర్థ్యమేనని డెల్ హైమ్స్ బదులిచ్చాడు. ఐరోపా భాషల్లోని ‘నువ్వు–మీరు’ భేదం వెనక అధికారమూ సాన్నిహిత్యమూ ఉన్నాయని బ్రౌన్, గిల్మన్‌లు 1960లోనే చూపారు. మన గ్రాంథిక వ్యావహారిక వివాదం సంగతి ఈ సభకు చెప్పనక్కర్లేదు. నేను ఆగేది ఒక్కచోట, తెలుగు క్రియ చివరి ‘రు’ దగ్గర.

ఏకవచనంలో ‘అతను వచ్చాడు’ ఒకవైపు. ‘ఆమె వచ్చింది, ఆవు వచ్చింది, బస్సు వచ్చింది’ మరోవైపు. బహువచనంలో మాత్రం స్త్రీలు పురుషులతో చేరతారు: ‘వాళ్లు వచ్చారు’, ‘బస్సులు వచ్చాయి’. చిన్నయసూరి మహత్తు, అమహత్తు అని సూత్రీకరించింది దీన్నే. తెలుగు వ్యాకరణమే స్త్రీని పశువులతో, వస్తువులతో కలిపేసిందని కొందరు చాలాకాలంగా అంటున్నారు. వారి బాధను నేను తేలిగ్గా తీసుకోను, కాని వాదం నిలవదు. తమిళ కన్నడాల్లో స్త్రీకి ఏకవచనంలో విడిగా క్రియారూపం ఉంది. గోండి, కొలామీల్లో స్త్రీలు బహువచనంలో సైతం అమహత్తులోనే ఉంటారు. దీన్నిబట్టి గోండు స్త్రీ కంటె తమిళ స్త్రీకి స్వేచ్ఛ ఎక్కువని ఎవరైనా చెప్పగలరా? ‘అమ్మ వచ్చింది’ అని పిల్లలు ఎగిరి గంతేసేటప్పుడు అందులో చిన్నచూపు ఎక్కడుంది?

చిన్నచూపు ఉన్నది సర్వనామం ఎంపికలో. భూస్వామి ఇంటి పిల్లవాడు తాత వయసున్న పాలేరును ‘వాడు’ అనీ, అతని భార్యను ‘అది’ అనీ అంటాడు. ‘అది వచ్చింది’, ‘ఆవిడ వచ్చింది’: రెంటిలోనూ క్రియ ఒకటే. కులం తన పనంతా క్రియకు ముందే ముగించింది.

ఇక్కడిదాకా ఆచార్యులవారు నాతోనే ఉండేవారు. ఆ తర్వాత ఆయన, ఆయన పక్షంవారు మరో మాట అంటారు: ‘రు’ కూడా అలాంటిదే, ఒక్కరి విషయంలో బహువచనం వాడటం గౌరవం కోసమే, నిర్మాణాన్ని అది తాకదు. దీన్ని నేను ఒప్పుకోను.

తలుపు చప్పుడైతే ‘ఎవరు?’ అంటాం. వచ్చింది ఒక్కరేనని తెలిసినా ‘ఎవరు వచ్చారు?’ అనే అడుగుతాం. ‘ఎవడు’, ‘ఎవతె’ భాషలో ఉన్నా తిట్టుకు దగ్గరగా ఉన్నాయి. ‘ఒకరు’లో సంఖ్య ఒకటి, రూపం బహువచనం. ‘ఎవరో ఇంట్లో దూరారు, బీరువా పగలగొట్టారు’ అంటాం. ‘రు’ మర్యాదే అయితే దొంగకు మర్యాద దేనికి? మనిషేనని తెలిసి, ఆడో మగో తెలియనప్పుడు వాడటానికి మన ఏకవచనంలో క్రియారూపం లేదు. ఆ ఖాళీలోకి ‘రు’ వచ్చి కూర్చుంది. ఖాళీ ఉన్నది నిర్మాణంలో కనక, దాన్ని నింపినదీ నిర్మాణంలో భాగమే.

ఉద్యోగాల పేర్లు ఈ ఖాళీని ఇంకా పెద్దది చేశాయి. ఉపాధ్యాయుడు, ఉపాధ్యాయురాలు అన్నప్పుడు లింగం నామంలోనే తేలిపోతుంది. డాక్టరు, లాయరు, కలెక్టరు అన్నప్పుడు తేలదు. ఆ భారం క్రియ మీద పడుతుంది. ఆసుపత్రికి ఫోన్ చేసి, డాక్టరెవరో తెలియనివారు ‘వచ్చాడా’ అనలేరు, ‘వచ్చిందా’ అనలేరు. ఆ ఉద్యోగాల్లోకి స్త్రీలు రావడం సమాజ చరిత్ర. ఆ పేర్లకు డుప్రత్యయమూ ‘రాలు’ రూపమూ అంటకపోవడం నిర్మాణం. ‘డాక్టరు వచ్చారా?’ అన్న వాక్యంలో ఈ రెంటినీ ఎవరు విడదీయగలరో నాకు చూపించాలి.

దీనికి ఒక ఆక్షేపణ ఉంది. తెలంగాణలో ‘సార్ వచ్చిండు’ అంటారు, రాయలసీమలో ‘ఆయప్ప వచ్చినాడు’ అంటారు. ‘రు’ లేకుండానే వారికి గడుస్తోంది కదా అని. అక్కడ గౌరవం ‘సార్’లో, ‘అన్న’లో, ‘అప్ప’లో ఉంది. కోస్తా చెవితో విని దాన్ని మర్యాదలేని మాట అనడం అన్యాయం. ఆ అన్యాయం పాఠశాలల్లో చాలాకాలం సాగింది. కాని ‘సార్ వచ్చిండు’ అనే మనిషే ‘ఎవరొచ్చిన్రు?’ అని అడుగుతాడు. గౌరవం కోసం ‘రు’ అక్కర్లేని మాండలికంలో సైతం ఈ ప్రశ్నలో ‘రు’ ఉందంటే అది మర్యాదకు మించినది.

వాడుక నిర్మాణంలోకి దిగడం ద్రావిడ భాషలకు కొత్త కాదు. కుడుఖ్‌లో స్త్రీ మరో స్త్రీతో మాట్లాడేటప్పుడు కొన్ని క్రియారూపాలే మారిపోతాయి. ఎవరు ఎవరితో అన్నది చెప్పకుండా ఆ భాషకు క్రియారూపాల పట్టిక రాయలేం.

తెలుగుకూ అలాంటి పట్టిక కావాలి. నేనిప్పుడు చేస్తున్న పని అదే: కర్తకూ క్రియకూ కుదిరే పొందికను జిల్లాలవారీగా, మాట్లాడిన మాటలనుంచి సేకరిస్తున్నాను. మన వ్యాకరణాలు ఇచ్చే సర్వనామాల వరస మంచి పునాదే గాని, ఎవరి నోట ఏది పలుకుతుందో దానివల్ల తెలియదు. యంత్రానువాదానికి ఇంగ్లిష్ వాక్యం ఇస్తే, డాక్టరు ఆడో మగో అందులో లేకపోయినా తెలుగు క్రియ దగ్గర ఏదో ఒకటి ఎంచుకోక తప్పదు. ఆ ఎంపికకు ఆధారం మనమే సమకూర్చకపోతే, పత్రికల భాషే తెలుగంతా అయి కూర్చుంటుంది.

ఈ సభలో ఉపాధ్యాయులు చాలామంది ఉన్నారు. మీ ఊళ్లో రేషన్ దుకాణం దగ్గర, పంచాయతీ ఆఫీసులో, పొలం గట్టు మీద విన్న వాక్యాలు రాసి పంపండి. అన్నదెవరు, ఎవరితో అన్నారు, ఎవరి గురించి, ఆ మనిషి ఎదుట ఉన్నప్పుడా లేనప్పుడా అన్నవి కూడా రాయండి. ఇవి లేకుండా వట్టి వాక్యం పంపితే దాన్ని పట్టికలో చేర్చలేను.