సమాచార రక్షణ: విశ్వవిద్యాలయములలో ఒక విద్య

ఒకప్పుడు గ్రామ కరణముగారి దఫ్తరమునకు మూడు విధములుగా చేటు కలిగెడిది. చూడరానివాడు దానిని చూచుట ఒకటి. అడంగలులో ఒక్క అంకె మారిపోవుట రెండవది. రైతు అవసరపడి వచ్చిననాడు కరణముగారు ఊరలేక, దఫ్తరము పెట్టెలోనే ఉండిపోవుట మూడవది. ఆంధ్రప్రదేశ్‌లో 1984లో కరణీకములు రద్దయినవి. లెక్కలు క్రమముగా కంప్యూటర్లకు ఎక్కినవి. చేటులు మాత్రము ఆ మూడే. సమాచారమునకు గోప్యత, అవికలత, అందుబాటు అను మూడు గుణములను కాపాడవలెనని నేడు విశ్వవిద్యాలయములలో బోధించుచున్నారు.

లండన్ విశ్వవిద్యాలయమునకు చెందిన రాయల్ హాలోవే కళాశాల 1992లోనే ఈ విద్యలో ఎం.ఎస్‌సి. ప్రారంభించినది. దానికి మూలపురుషుడైన ఫ్రెడ్ పైపర్ గణితాచార్యుడు. గూఢలిపి శాస్త్రము ఆయన అభిమాన విషయము. అయినను పాఠ్యక్రమములో గూఢలిపి సరసనే నిర్వహణకును పీట వేసిరి. ఇది మిక్కిలి వివేకమైన పని యని మా అభిప్రాయము.

ఏలననగా, తాళము సిద్ధముగా నున్నను వేయువాడు లేనిచో ఏమగునో 2017 మే 12న బ్రిటనులో వెల్లడియైనది. వన్నాక్రై అను దుష్ట ప్రోగ్రాము ఆసుపత్రుల కంప్యూటర్లలో చొరబడి, దస్త్రములకు తానే తాళము వేసి, సొమ్ము చెల్లించిననే విప్పుదునని బెదిరించినది. సుమారు 19,000 అపాయింట్‌మెంట్లు రద్దయినవని తరువాత అంచనా వేసిరి. కొన్ని తావుల అత్యవసర రోగులు దూరపు ఆసుపత్రులకు పోవలసి వచ్చినది. కాని ఆ చొరబాటును ఆపగల సవరణను మైక్రోసాఫ్ట్ సంస్థ మార్చి నెలలోనే విడుదల చేసియుండెను! దానిని ఎక్కించు బాధ్యత ఎవరిది? అందుకై స్కానింగు యంత్రమును ఎన్ని గంటలు ఆపవచ్చును? ఆపుమని ఆజ్ఞ ఇచ్చువారెవరు? యంత్రమును అమ్మిన కంపెనీ సమ్మతింపకున్న గతి యేమి? ఈ ప్రశ్నలకు జవాబు కంప్యూటరు చెప్పదు.

కనుకనే ఈ చదువులో విద్యార్థికి జాబితా వ్రాయుట మొదటి అభ్యాసము. సంస్థ యొద్ద ఏ సమాచారమున్నది, అది ఎవరి అధీనములో నున్నది, పోయినచో ఎంత నష్టము, కాపాడుటకు ఎంత వ్యయము అని తూచవలెను. ఐ.ఎస్.ఓ. 27001 అను అంతర్జాతీయ ప్రమాణము 2022లో సవరింపబడినప్పుడు అందలి రక్షణోపాయములు 93గా లెక్కకు వచ్చినవి. వానిలో సాంకేతికములు 34 మాత్రమే. 37 సంస్థ కట్టుబాట్లకు, 8 మనుష్యులకు, 14 భవనములకును తలుపులకును సంబంధించినవి.

సినిమాలలో చీకటి గదిని కూర్చుండి పరుల కంప్యూటర్లను ఛేదించు వీరులను చూచి ఈ చదువునకు ఉబలాటపడు యువకునకు కొంత నిరాశ తప్పదు. పై అధికారికి ప్రమాదమును రెండు పుటలలో బోధపడునట్లు వ్రాయగలవాడే ఇందు రాణించును. మాటలతో బ్రతుకు రేడియోవారము గనుక మాకీ విషయమున పక్షపాతమున్నదేమో!

మన దేశమునను వ్యక్తిగత సమాచార రక్షణకు 2023లో పార్లమెంటు చట్టము చేసినది. అందు 250 కోట్ల రూపాయల వరకు జరిమానా విధింపవచ్చును. అప్పుచేసి బిడ్డలను సీమకు పంపదలచిన తలిదండ్రులు ముందుగా పాఠ్యాంశముల పట్టిక తెప్పించి చూడుడు. ఇంచుమించు ఒకే పేరుగల కోర్సులలో ఒకటి కేవలము ప్రోగ్రాములు వ్రాయుటకే పరిమితమై యుండవచ్చును. మరియొకదానిలో ప్రమాదముల అంచనా, ఆడిట్, చట్టము కూడ నుండవచ్చును. ఆ ఆసుపత్రి ప్రశ్నలను చర్చించునది రెండవదియే.